కాటేదాన్ పద్యద్వయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఆరాంఘర్ చౌరస్తా నుంచి మైలార్‌దేవ్‌పల్లి వైపు తిరిగితే వచ్చే కాటేదాన్ పారిశ్రామికవాడ ఇంతవరకు సాహిత్య చరిత్రకెక్కలేదు. బిస్కెట్లు, ప్లాస్టిక్ సామాను, నూనె డబ్బాలు, ఇనుప చువ్వలు తయారయ్యే చోట ఆటవెలదులు కూడా తయారవుతాయని ఎవరికీ తోచలేదు. ఈ రెండు పద్యాలు ఒక సరుకు చలానా గులాబీ రంగు కాపీ వెనక, నీలి బాల్‌పెన్నుతో రాసి దొరికాయి. చలానా మీద బస్తాల లెక్క ఉంది, హమాలీ కూలి ఉంది, గేటు దగ్గర వేసిన ముద్ర ఉంది. కవి పేరు మాత్రం లేదు. లోపలి సాక్ష్యాన్ని బట్టి ఆయన ఏదో ప్లాస్టిక్ యూనిట్లో షిఫ్టు సూపర్‌వైజరనీ, డ్యూటీ దిగాక అద్దె గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఫుట్‌బాల్ జట్టును నడిపేవాడనీ ఊహిస్తున్నాం.

ఈ విద్యకు మూలపురుషుడు కెవిన్ టామ్స్. 1982లో ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే కంప్యూటర్ ఆట తెచ్చాడు. పదేళ్లకు, 1992లో, ఇంగ్లండ్‌లో పాల్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు ‘చాంపియన్‌షిప్ మేనేజర్’ వెలువరించారు. తర్వాత ప్రచురణ సంస్థతో తెగదెంపులైనప్పుడు పేరు ఆ సంస్థకు దక్కింది, లోపలి గ్రంథం, అంటే కోడు, అన్నదమ్ములకు దక్కింది. 2004 చివర్లో ఆ గ్రంథమే టామ్స్ ఆట పేరు పెట్టుకుని మళ్లీ అంగడికొచ్చింది. పేరు దక్కినవాళ్లు కొన్నేళ్లకు కనబడకుండా పోయారు. గ్రంథం దక్కినవాళ్లు ఇప్పటికీ లోకం నిద్ర చెడగొడుతున్నారు. మన కవి ఉపాసించింది ఈ శాఖనే.

మూలం, 1

బంతి తన్న లేడు బాహాటముగ వీడు
పట్టికలను జూచి పగలు రేయి
జీత మెంత యనుచుఁ జిట్టా రచించును
కాటెదాను గదిని కప్పు గెలుచు

ప్రతిపదార్థం

వీడు = ఈ పద్యనాయకుడు; బాహాటముగ = నలుగురూ చూస్తుండగా; బంతి తన్న లేడు = బంతిని తన్నే శక్తి లేనివాడు; పగలు రేయి = ఏ షిఫ్టు, బీ షిఫ్టు అన్న భేదం లేక; పట్టికలను జూచి = ఆటగాళ్ల అంకెల జాబితాలను పరికించి; జీత మెంత యనుచు = ఎవడికి వారానికెంత ఇవ్వాలి అని గొణుక్కుంటూ; చిట్టా రచించును = ఖర్చుల లెక్క రాయును; కాటెదాను గదిని = కాటేదాన్‌లోని అద్దె గదిలో; కప్పు గెలుచు = ట్రోఫీ గెలుచును. చాయ్ కప్పు అని చెప్పిన పూర్వ వ్యాఖ్యాతల మతం త్రోసిపుచ్చడమైనది.

తాత్పర్యం

కాళ్లతో ఆడలేనివాడు లెక్కలతో ఆడి నెగ్గుతాడు.

విశేషాలు

ముందు ఛందస్సు సంగతి. ‘కాటేదాన్’లోని టేకు గణం కోసం హ్రస్వం వచ్చింది. ఆ వాడలో స్థలం ఎవరికీ సరిపోదు, అక్షరానికి మాత్రం ఎక్కడ సరిపోతుంది! ‘చిట్టా’ను ‘జిట్టా’ చేసిన సరళాదేశం చూస్తే కవి బడిలో తెలుగు మాస్టారి మాట శ్రద్ధగా విన్నవాడని తెలుస్తోంది. ఇక అర్థంలోకి పోదాం.

‘బంతి తన్న లేడు.’ ఇక్కడొక శంక. బంతి తన్నడం రానివాడికి జట్టు నడిపే అధికారం ఎక్కడిది? సమాధానం: ఆరిగో సాక్కీ. వృత్తి ఫుట్‌బాల్ ఏనాడూ ఆడని ఇటలీవాడు. తండ్రి చెప్పుల వ్యాపారంలో అమ్మకాలు చూసుకున్న మనిషి. అతని చేతికింద మిలాన్ జట్టు 1989లో, 1990లో వరసగా యూరోపియన్ కప్పు ఎత్తింది. చెప్పుల వ్యాపారం నుంచి మిలాన్ దాకా దారి ఉన్నప్పుడు ప్లాస్టిక్ యూనిట్ నుంచి ఎందుకు ఉండదని కవి హృదయం. పైగా ఈ ఆటలో మనిషికి బంతిని ముట్టుకునే యోగమే లేదు. తొలి సంచికల్లో మ్యాచ్ అంటే తెర మీద గడిచిపోయే అక్షరాలే. 2003 సంచికలో ఆటగాళ్లు గుండ్రటి చుక్కలయ్యారు, 2009 సంచికకు కాళ్లూ చేతులూ వచ్చాయి. ఆ కాళ్లు కూడా మన చెప్పుచేతల్లో ఉండవు. జట్టును పంపి, గీత అవతల నిలబడి, గోళ్లు కొరుక్కోవలసిందే.

గదిలోని తమ్ముడొకడు అడిగిన మాటను పరంపర భద్రపరిచింది: “ఏందన్నా, గంట సంది గా లెక్కలే చూస్తున్నవ్, ఆట ఎప్పుడు షురూ అయితది?” దానికి కవి తల ఎత్తకుండా, “గిదే ఆటరా,” అన్నాడట. ఈ శాస్త్రానికి ఇంతకన్న పొట్టి నిర్వచనం ఈ వ్యాఖ్యాతకు కనబడలేదు.

‘పట్టికలను జూచి.’ ప్రతి ఆటగాడికీ పరుగు, పాసు, ధైర్యం, నిబ్బరం వంటి గుణాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 20 దాకా మార్కు. పామరుడు అన్నింటికన్న పెద్ద అంకె వెతికి సంతకం పెట్టిస్తాడు. పండితుడు చూసేది వేరు: ఈ గుణం ఈ స్థానానికి పనికొస్తుందా? గోడలా నిలబడవలసిన డిఫెండర్‌కు డ్రిబ్లింగ్ 17 ఉంటే ఏం చేసుకోను? వాడికి కావలసింది స్థానజ్ఞానం, ఏకాగ్రత. ఇవిగాక పైకి కనబడని గుణాలున్నాయి. నిలకడ ఎంత, పెద్ద మ్యాచుల్లో చెమటలు పడతాయా, ఊరికే గాయపడతాడా అన్నవి అంకెలుగా చూపరు. వేగులు, అంటే స్కౌట్లు, తెచ్చే నివేదికలో వాటి వాసన తగులుతుంది. ఎవడు ఎంతవరకు ఎదగగలడో చెప్పే అంకె 200కు లెక్క, అదీ తెర వెనకే. కొత్తగా వచ్చిన కుర్రాడి ప్రతిభను ఒక్క వారంలో తేల్చేయకుండా పక్కన నిలబడి చూసే ఓపిక సూపర్‌వైజర్‌కు డ్యూటీయే నేర్పుతుంది. ఎవడిని మౌల్డింగ్ మెషీన్ మీద పెట్టాలి, ఎవడిని ప్యాకింగ్‌కు పంపాలి, ఎవడికి నైట్ పడదు అని హాజరు పట్టీ ముందు కూర్చుని ఆయన రోజూ చేసే పనే ఇది. కవి నెగ్గడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. మిగతా వ్యూహాలన్నీ ఆ తర్వాతే.

ఈ పట్టికల్లో పునర్జన్మ సిద్ధాంతం కూడా ఉంది. ఆటగాళ్లకు వయసు మీరుతుంది, రిటైరవుతారు. లోకం ఖాళీ కాకుండా ఏటా ప్రతి క్లబ్బుకూ పదిహేను పదహారేళ్ల కొత్త కుర్రాళ్లు పుట్టుకొస్తారు. వీళ్లకు అమ్మానాన్నలుండరు, గుణాలుంటాయి. భక్తులు వీళ్లను ‘రీజెన్లు’ అంటారు. పది సీజన్లు గడిచాక మనకు పేరు తెలిసినవాడెవడూ మైదానంలో మిగలడు. అయినా భక్తుడు వదలడు.

ప్రక్షిప్తాలూ లేకపోలేదు. 2001–02 సంచికలో పోర్చుగల్‌లోని గువేయా అనే చిన్న క్లబ్బులో టో మదీరా అనే స్ట్రైకర్ ఉండేవాడు. చవగ్గా దొరికి గోల్స్ కుప్పపోసేవాడు. తీరా చూస్తే అసలు అలాంటి మనిషే లేడు. ఆ క్లబ్బు వివరాలు సేకరించే పెద్దమనిషి తనే సృష్టించి పట్టికలోకి జొప్పించాడు. మన భారతంలో పద్యాలు జొప్పించినవాళ్లను ఏకిపారేసిన పండితులు ఈయనను చూసి ఉంటే ఏమనేవారో. దిద్దుబాటు పాఠంలో మదీరాను తీసేశారు. పాత ప్రతిని దాచుకున్నవాళ్లు ఇప్పటికీ అతన్ని తలుచుకుంటారు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, పట్టికలు లేని కాలంలో మన ఊరివాళ్లు ఎలా గెలిచారు అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లు వరసగా రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఏం జరిగిందో చూడండి. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను ఇంటికి పంపలేదు, తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిస్తే ఆ రెండింట్లో ఒక గోల్ జర్నైల్‌ది, ఇంకోటి పి.కె. బెనర్జీది. ఇప్పుడు ఎవరైనా ఈ ఆటలో అదే పని చేయబోతే, ఆ స్థానం వీడికి తెలియదని తెర మీద రంగు మారి హెచ్చరిక వస్తుంది. గాయపడ్డవాడిని ఎందుకు దింపుతున్నావని వైద్య సిబ్బంది విసుక్కుంటారు. రహీం మనసులోనూ పట్టిక ఉంది. ఆయన చూసిన గుణాలకు ఇంకా గడి కట్టలేదు, అంతే. అప్పటికే ఆయన్ను కాన్సర్ పట్టింది. 1963 జూన్‌లో పోయాడు.

‘జీత మెంత యనుచు.’ పద్యానికి ప్రాణం ఈ పాదం. తొందరగా దాటిపోవడానికి వీల్లేదు. కొత్తగా ఆడేవాడికి కొనుగోళ్ల మీదే కన్ను. ఫలానావాడు ఎంతకొస్తాడు, బేరం ఎంత తగ్గుతుంది అనే ధ్యాస. కవి కన్ను జీతాల మీద ఉంది. ఆటగాడిని కొన్న డబ్బు ఒకసారితో పోతుంది, జీతం వారం వారం పోతుంది. కాంట్రాక్టు ఆర్నెల్లలో ముగిసేవాళ్లను ముందే గాలించి ఉచితంగా తెచ్చుకోవాలి. బెంచీ మీద కూర్చునేవాడికి పెద్ద జీతం రాయకూడదు. ఒకడికి పెంచితే మిగతావాళ్లు తలుపు తడతారని గుర్తుంచుకోవాలి. ముసలి తారల్ని ఒక ఏడు ముందే వదిలించుకోవాలి, ఒక ఏడు ఆలస్యంగా కాదు. భారత లీగులో ఆడేవాడికి ఇంకో మెలిక ఉంది: మైదానంలో నలుగురికి మించి విదేశీయులు ఉండరాదు. పాస్‌పోర్టు చూసి జీతం రాయాలి.

దీనికి ఉదాహరణ కోసం కవి దూరం పోనక్కర్లేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3–1తో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. సాహిల్ తవోరా చివరి నిమిషాల్లో స్కోరు సమం చేశాడు, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోచ్ మనోలో మార్కెజ్ చేసిందంతా పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ పని: ఒకే పద్ధతి, కుర్రాళ్ల మీద నమ్మకం, ముందు వరసలో ఓగ్బెచె. రెండేళ్లు తిరక్కుండా జీతాల బకాయిలు మొదలయ్యాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం వచ్చింది. 2023–24 సీజన్లో ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున తేలారు. వ్యూహం చెడి ఓడిన జట్టు కాదు అది, చిట్టా చెడి ఓడిన జట్టు. ‘జీత మెంత యనుచుఁ జిట్టా రచించును’ అన్న పాదాన్ని గచ్చిబౌలి స్టేడియం గేటు మీద చెక్కించవలసింది.

‘పగలు రేయి.’ దీన్ని అతిశయోక్తి అన్న ఆలంకారికులు ఈ ఆట ఆడి ఎరుగరు. ఇది స్వభావోక్తి. అయితే ఎక్కువసేపు కూర్చున్నవాడే గెలుస్తాడనుకోవద్దు. రెండు మ్యాచులు ఓడగానే పద్ధతి మార్చేవాడు ఎంతసేపు కూర్చున్నా అంతే. కొత్త పద్ధతి జట్టుకు ఒంటబట్టడానికి వారాలు పడుతుంది. అవతలివాళ్ల మీద పడి బంతి లాక్కునే ఆట చూడ్డానికి బాగుంటుంది గానీ, ఊపిరి చాలని ఆటగాళ్లతో ఆడిస్తే అరవయ్యో నిమిషానికి కాళ్లు లాగుతాయి. ఉన్న మనుషుల్ని బట్టి పద్ధతి పెట్టుకోవాలి. కార్నర్ కిక్కుల మీద కాస్త శ్రద్ధ పెడితే సీజన్‌కు కొన్ని గోల్స్ ఊరికే వస్తాయి. బద్ధకస్తులు ఈ ఒక్క పనీ చేయరు.

మూలం, 2

ఓడి పోయె ననుచు నొకమాటు లేచి తా
నాపి మరలఁ దెరిచి యాట నాడు
ధర్మ మగునె యిట్టి దందా యటంచును
తోడివారు నవ్వఁ దోచ దనియె

తాత్పర్యం

ఓడిన మ్యాచ్‌ను భద్రపరచకుండా ఆట మూసేసి, మ్యాచ్ ముందటి స్థితిని మళ్లీ తెరిచి ఆడుతున్నాడు నాయకుడు. ఇదేం దందా అని గదిలోవాళ్లు నవ్వితే జవాబు తోచలేదన్నాడు.

ఈ పద్యం కవిది కాదు, గదిలోని తమ్ముడెవడో చేర్చాడని ఒక వాదం. శత్రువు తప్ప ఇంత గుట్టు ఎవడు బయటపెడతాడని వారి తర్కం. చేతిరాత ఒకటే కాబట్టి నేను ఒప్పుకోను. మొదటి పద్యంలో కప్పు గెలిచానన్నవాడే, ఆ కప్పులో కొంత భాగం ఎలా వచ్చిందో రెండో పద్యంలో చెప్పేశాడు. మళ్లీ తెరిచినంత మాత్రాన గెలుపు రాసిపెట్టి ఉండదని కూడా గమనించాలి. ప్రతిసారీ మ్యాచ్ కొత్తగా లెక్క కడుతుంది. అదే జట్టు, అదే పద్ధతి, ఈసారి ఇంకా ఎక్కువ గోల్స్ తేడాతో ఓడవచ్చు. అప్పుడు మొదటి ఓటమే నయమనిపించినా అది తిరిగి రాదు.

శంక: ఇంతకీ దీనివల్ల లోకానికి ప్రయోజనమేమి? సమాధానం: 2008లో ఎవర్టన్ క్లబ్బు తన వేగుల కోసం ఈ ఆట సమాచారాన్నే వాడుకుంటామని ఒప్పందం కుదుర్చుకుంది. కనుక పట్టికలు ఉత్త కాలక్షేపం కావు. అసలు బంతే చూడాలనుకునేవారికి హిమాయత్‌సాగర్ అవతల అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ మైదానం ఉంది. 2022–23లో, 2023–24లో వరసగా ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు అది. కవి అక్కడికి వెళ్లినట్టు దాఖలా లేదు.

చివరిగా ప్రతి నిర్ణయం, అంటే కవి ఆడే సంచిక ఏది అన్న చర్చ. 2025 ఫిబ్రవరిలో ఆ ఏటి సంచికను తయారీదారులే రద్దు చేశారు. నవంబరులో కొత్త ఇంజన్‌తో తర్వాతి సంచిక వచ్చింది. ఆలోపే మన హైదరాబాద్ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. కవి మాత్రం ఇంకా హైదరాబాద్ ఉన్న పాత సంచికనే ఆడుతున్నాడు. జట్టు మీద మమకారంతో అని అభిమానవాదులు అంటారు. కొత్త సంచిక ఆయన లాప్‌టాప్‌లో ఎక్కదు కాబట్టి అని ర్యామ్‌వాదులు అంటారు. అలాగైతే పాత సంచికలోనే మిలాన్, బార్సిలోనా ఉండగా సీజన్ మీద సీజన్ హైదరాబాద్‌తోనే ఎందుకు ఆడుతున్నాడని అభిమానవాదుల ప్రశ్న. యూరప్ లీగులన్నీ లోడ్ చేస్తే మిషన్ వేడెక్కుతుంది, ఇండియా ఒక్కటే అయితే చల్లగా నడుస్తుందని ర్యామ్‌వాదుల జవాబు. దానికి అభిమానవాదులు ఇంతవరకు ఖండన రాయలేదు.