ఎవరి కంచం వాళ్లే

మా రోజుల్లో పదిమంది తిని లేచాక బావి గట్టు మీద పడే అంట్లకంటే ఇవాళ నలుగురున్న ఫ్లాటులో సింకులో పడేవి ఎక్కువ. డిష్‌వాషర్ కొనాలా, ఇప్పటిలాగే చేత్తో తోమించుకోవాలా అని మా ఇంట్లో రోజూ వాదన. మా అబ్బాయి నీళ్ల లెక్క తీస్తాడు, కోడలు టైము లెక్క తీస్తుంది. కరెంటు ఎంత కాలుతుంది, సబ్బు బిళ్లలకి నెలకి ఎంతవుతుంది అని ఇద్దరూ కూర్చుని కూడికలు వేస్తారు. అసలు ఇన్ని అంట్లు ఎందుకు పడుతున్నాయన్న లెక్క మాత్రం ఎవరూ తీయరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పొద్దున్న కాఫీ తాగిన కప్పు సింకులోకి పోతుంది, గంట తిరక్కుండా టీకి ఇంకో కప్పు దిగుతుంది. మంచినీళ్లు తాగిన ప్రతిసారీ కొత్త గ్లాసే. పప్పు కుక్కర్లో ఉడుకుతుంది, పోపు మూకుట్లో వేగుతుంది, రెండూ కలిసేది ఇంకో గిన్నెలో, టేబుల్ మీదకి వచ్చేది గాజు బౌల్లో, మిగిలిన రెండు గరిటెలూ ఫ్రిజ్‌లోకి చేరేది మూత డబ్బాలో. ఒక్క పప్పుకి ఐదు అంట్లు! వంట చేతకాక కాదు, మా కోడలు చాలా బాగా వండుతుంది. కడిగే చెయ్యి వేరొకరిదైనప్పుడు గిన్నె తీసే చేతికి లెక్క ఉండదు, అంతే.

మాది తణుకు పక్క పల్లెటూరు. ఇంట్లో మనిషికి ఒక కంచం, ఒక గ్లాసు. స్టీలు సామాను వచ్చాక వాటి మీద పేర్లు కొట్టించేవాళ్లు. పాత జరీ చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకున్న రోజులవి. ఆ గ్లాసు పొద్దున్న కాఫీకి దిగితే రాత్రి మజ్జిగ దాకా అదే, మధ్యలో ఎవరికి వాళ్లు కడిగి బోర్లించుకోవడమే. పులుసు కాచిన రాచిప్పలోంచే వడ్డన. వార్చిన గంజీ బియ్యం కడిగిన నీళ్లూ కుడితి గోలెంలోకి, అక్కణ్ణించి గేదె కడుపులోకి. పెళ్లిళ్లకీ తద్దినాలకీ అరిటాకులు. మామూలు రోజుల్లో చుట్టాలు ఎక్కువమంది దిగితే మోదుగాకు విస్తళ్లు. ఆ పూటకి కడగాల్సిన కంచమే లేదు.

చాలా గిన్నెలు తోమే మనిషి దగ్గరికి వెళ్లేలోపే సగం శుభ్రపడేవి. వేసవిలో ఆవకాయ కలిపి జాడీకి ఎత్తాక, ఆ బేసిన్లోనే వేడి వేడి అన్నం వేసి, ఇంత నెయ్యి పోసి, అంచులకి అంటిన పిండంతా వచ్చేలా మా అమ్మ కలిపేది. చుట్టూ కూర్చున్న పిల్లలందరి చేతుల్లోనూ ఒక్కో ముద్ద. మా పిన్నిగారి పిల్లలు, పక్కింటి పిల్లలు, ఎవరుంటే వాళ్లు. కారానికి ముక్కులు కారుతున్నా ఇంకో ముద్ద కోసం చెయ్యి చాపేవాళ్లం. వెన్న కాచిన గిన్నె అడుగున మిగిలిన గసిలో పంచదార వేసుకుని తినడానికి పోటీ. పాల గిన్నె అంచున కట్టిన మీగడ గోక్కోవడానికి వంతులు. పెద్దమ్మాయినని అమ్మ నాకెప్పుడూ ముందు ఇవ్వలేదు, చిన్నవాళ్లకే మొదటి వంతు. గిన్నెకి అంటుకున్నది కూడా తిండే అని మాకు అలా తెలిసింది. ఇవాళ ఆవకాయ కలిపిన గిన్నెని టిష్యూ కాగితంతో తుడిచి, ఆ ఎర్రటి కాగితం చెత్తబుట్టలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మిగిలిన అంట్లకి పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు, ఎండిన బీరకాయ పీచు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారం. జిడ్డు మీద వేసి రుద్దితే కొంత జిడ్డుని సబ్బుగా మారుస్తుంది, మిగిలినదాన్ని పట్టి లాగేస్తుంది. ఇత్తడి బిందెలకి చింతపండు. దాంట్లో ఉన్న టార్టారిక్ ఆమ్లం చిలుముని కరిగిస్తుంది. మాకు దగ్గర్లోని అజ్జరం ఇత్తడి సామానుకి పేరుపడ్డ ఊరు, మా ఇంటి బిందెలూ గంగాళాలూ అక్కడివే. లోపల కళాయి పోతే వీధిలోకి వచ్చే కళాయి మనిషి కొలిమి పెట్టి, గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం వేసి గుడ్డతో చుట్టూ పూసేసేవాడు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు వండకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏ గిన్నెకి ఏది పెట్టి తోమాలో తెలియడం ఇంటి చదువులో భాగం. ఇప్పుడు అన్నిటికీ ఆ ఆకుపచ్చ గరుకు పీచు ఒక్కటే. నాన్‌స్టిక్ పెనం మీదా అదే, గాజు గ్లాసు మీదా అదే, ఆనక గీతలు పడ్డాయని విసుగు.

ఆ పని సుఖమని నేను అనడం లేదు. పుష్యమాసం చలిలో తెల్లవారకుండా బావి గట్టు మీద గొంతుక్కూర్చుని తోమితే వేళ్లు కొంకర్లు పోయేవి. ఇంటి కోడళ్లు అందరికీ పెట్టి, ఆఖర్న తిని, ఆ చేత్తోనే అంట్ల ముందు కూర్చునేవాళ్లు. పిల్లలం మా కంచాలు మేం కడుక్కునేవాళ్లం, మగవాళ్ల కంచాలు మాత్రం ఆడవాళ్లే ఎత్తేవాళ్లు. అది అన్యాయం. అప్పుడూ అన్యాయమే. మా నాన్నగారొక్కరే వేరు. ఆయన ఖద్దరు మనిషి. గాంధీగారి సేవాగ్రామ్ ఆశ్రమంలో ఎంత పెద్దవాళ్లైనా ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలన్న నియమం ఉండేది. అది మన ఇంట్లో ఎందుకుండకూడదని, తిన్న కంచం చేత్తో పట్టుకుని బావి దగ్గరికి వెళ్లేవారు. మా నాయనమ్మ నొచ్చుకునేది, ఊళ్లోవాళ్లు వింతగా చెప్పుకునేవాళ్లు. ఆయన మాత్రం మానలేదు.

ఇక నీళ్ల లెక్క. యంత్రం ఒక విడతకి 10, 12 లీటర్లతో సరిపెడుతుందని మా అబ్బాయి చెబుతాడు, అది నిజమే. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు యూరప్ దేశాలవాళ్ల చేత 12 మంది తిన్న సామాను చేత్తో కడిగించి కొలిస్తే సగటున 100 లీటర్ల పైన అయిందని కూడా చూపిస్తాడు. సగటు అలా తేలింది సరే, మా ఇంట్లో కొళాయి పూర్తిగా విప్పి, ఫోనులో మాట్లాడుతూ, ఒక్కో చెంచానీ ధార కింద తిప్పితే ఎంతైనా అవుతుంది. మా పెరట్లో మూడు బకెట్లు పెట్టుకునేవాళ్లం. మొదటిదాంట్లో మడ్డి వదలాలి, రెండోదాంట్లో జాడించాలి, మూడోదాంట్లో తేర్చాలి. అన్నీ కలిపి 40, 45 లీటర్లు. ఆ నీళ్లయినా కాలవలో కలిసేవి కావు, అరటిచెట్ల మొదట్లోకీ చేమమొక్కల పాదుల్లోకీ వెళ్లేవి. బావిలోంచి తోడుకున్న చేతులకి నీళ్ల బరువు తెలుసు. అంచేత పొదుపు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఆ యంత్రం పుట్టిన కథ నాకు నచ్చుతుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, షెల్బీవిల్ అనే చిన్న ఊరు. జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ ఇంట్లో పెద్దలనాటి పింగాణీ పళ్లేలు పనివాళ్ల చేతుల్లో పెచ్చులూడుతుండేవి. గరుకు బ్రష్షులతో రుద్దే పని లేకుండా, తీగల అరల్లో పళ్లేలు నిలబెట్టి, వేడినీళ్లు విసురుగా చిమ్మి కడిగే పద్ధతి ఆవిడ ఆలోచించింది. భర్త 1883లో అప్పులు మిగిల్చి పోతే వెనక్కి తగ్గలేదు. ఇంటి వెనక కొట్టంలో మెకానిక్కుని పెట్టుకుని తయారు చేయించి, 1886 డిసెంబరు 28న పేటెంటు తీసుకుంది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని పెట్టింది. ఆ ప్రదర్శనకి అనుబంధంగా జరిగిన సర్వమత సభలోనే వివేకానందుడు మాట్లాడాడు. ఇంతచేసి మొదట ఆ యంత్రాలు కొన్నది ఇళ్లవాళ్లు కాదు, హోటళ్లు. పింగాణీ పళ్లేల కోసం పుట్టి, వందలమంది తినే చోట నిలదొక్కుకున్న వస్తువది. ఆ చోట దాన్ని మించింది లేదు.

మన వంటింట్లోకి వచ్చేసరికి దానికి చిక్కులు మొదలవుతాయి. దాంట్లో వేసే సబ్బు గట్టి క్షారం. అల్యూమినియం కుక్కరు పెడితే నల్లబడుతుంది, ఇనప పెనం మీద ఏళ్లతరబడి పట్టిన నూనె పొర ఊడి తుప్పు పడుతుంది, ఇత్తడి మెరుపు పోతుంది, చెక్క తెడ్లు పగులుతాయి. రాచిప్ప సంగతి చెప్పనే అక్కర్లేదు. మూకుళ్ల కోసం వేరే ప్రోగ్రాం ఉందంటారు, 70 డిగ్రీల నీళ్లతో గంటలకొద్దీ తిరుగుతుందంటారు. మాడిన అడుగు దానికీ లొంగదు, ముందు నానబెట్టి గోకాల్సిందే. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటుకి వచ్చేది బోరు నీళ్లు. కొళాయి చుట్టూ తెల్లగా పేరుకునే ఆ సున్నపు నీళ్లని మెత్తబరచడానికి యంత్రంలో ఉప్పు పోస్తూ ఉండాలి, గాజుకి మరకలు పడకుండా ఇంకో ద్రవం పోయాలి. చేత్తో పని తప్పించుకోవడానికి తెచ్చిన దానికి మళ్లీ ఇన్ని సేవలు!

అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఆ యంత్రం ఇంటితోపాటే వచ్చింది. అక్కడి మన తెలుగువాళ్ల ఇళ్లలో చాలాచోట్ల చూశాను, చేత్తో కడిగిన గిన్నెలు దాని అరల్లో ఆరబెట్టుకుంటున్నారు. పసుపూ నూనే ఉన్న అంట్లు దాంట్లో పోవని కొందరు, నాలుగు గిన్నెలకి అదెందుకని కొందరు. కానీ అక్కడ ఒకటి బాగుంది. పనిమనిషి లేదు కాబట్టి మా అల్లుడు కంచాలు కడుగుతాడు, పిల్లలు గిన్నెలు సర్దుతారు. ఇదే అల్లుడు ఇక్కడికి వస్తే కంచం టేబుల్ మీదే వదిలి లేస్తాడు.

ఇక్కడ మనం చేత్తో తోమడం అంటున్నాం కదా, ఎవరి చేత్తో? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి పనివాళ్లు రాకుండా ఆగిపోయాక కానీ మన నగరాల్లో ఈ యంత్రం మీద మోజు పుట్టలేదు. అంతకుముందు అంట్ల బాధ లేదా? ఉంది, వేరే ఆడమనిషి పడింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ వేళ్ల సందులు ఎప్పుడూ ఒరుసుకుపోయి ఉంటాయి. రోజూ ఎన్ని ఇళ్ల సబ్బునీళ్లలో నానుతున్నాయో ఆ చేతులు. మాట్లాడుకున్న జీతం నలుగురి అంట్లకి. పార్టీ అయినా, చుట్టాలొచ్చినా, ఆదివారం అన్నీ తోడి వండినా జీతం అదే. ఇప్పుడు యంత్రం వస్తే ఆవిడకి సుఖమేగా అంటారు. మా పై ఫ్లాటులో ఏమైందో చూశాను. గ్లాసులూ పళ్లేలూ యంత్రానికి వెళ్లాయి, మాడిన మూకుళ్లూ కుక్కర్లూ ఆవిడకి మిగిలాయి, అంట్లు తగ్గాయని జీతంలో కోత పెట్టారు. తేలిక పని యంత్రానికీ, కష్టం మనిషికీ ఇచ్చి మనిషికే డబ్బు తగ్గించడం ఏం న్యాయం? యంత్రం కొన్నా సరే ఆవిడ జీతంలో పైసా తగ్గించడానికి వీల్లేదని మా అబ్బాయికి ముందే చెప్పాను.

యంత్రం ఏవి బాగా కడుగుతుందో చూడండి. కంచాలు, గ్లాసులు, కప్పులు, చెంచాలు. తిన్న మనిషి లేచి, ఎండకముందే, నిమిషంలో కడుక్కోగలిగినవి అవే. ఆ నాలుగూ ఎవరివి వాళ్లు కడిగేస్తే మిగిలేవి మూకుడు, కుక్కరు, పెనం, పోపు గరిటె. అవి ఎలాగూ దాంట్లో పెట్టేవి కావు. ఇక ఆ పెట్టె ఎందుకు? పెద్ద సంసారాలవాళ్లు, మంచంలో మనిషి ఉన్నవాళ్లు, నెలల బిడ్డతో ఉద్యోగం చేసే తల్లి, చేతికి చర్మవ్యాధి ఉన్నవాళ్లు తప్పకుండా కొనుక్కోవాలి, అప్పు చేసైనా కొనుక్కోవాలి. మా ఇంట్లో ఆ అవసరం ఎవరికీ లేదు.

మా మనవడు ఇంటర్ చదువుతున్నాడు. తిన్న కంచం సింకులో పడేసి, నీళ్లయినా పొయ్యకుండా వెళ్లిపోతాడు. నేను పిలిచి కడగమంటే, "చదువుకునే పిల్లాడు, వదిలెయ్యండి అత్తయ్యా" అంటుంది కోడలు. చదువుకునే పిల్లలమే మేమూను, కంచం కడిగితే మార్కులు తగ్గలేదు. ఆ మాటే అన్నాను. మొన్న అబ్బాయిని కూడా కూర్చోబెట్టి చెప్పాను: "ఒక నెల మీ ముగ్గురూ ఎవరి కంచం, ఎవరి గ్లాసు, ఎవరి కప్పు వాళ్లు కడగండి. రోజుకి మనిషికి ఒక్కటే గ్లాసు. నెలాఖరుకి కూడా ఆ మెషీను నిండేటన్ని అంట్లు సింకులో పడుతుంటే, దాని డబ్బు నా పెన్షన్లోంచి నేనే ఇస్తాను."