బాతు గిన్నె: టీకా తాత్పర్యము

మూలము: మెడ పట్టక బాతు మూత నెత్తి పప్పుచారు వడ్డింపుము, అంచు పసుపెక్కనీకుము.

అవతారిక: ఇది పసుపు పంటకు పేరుపడిన ఆర్మూరులోని ఒక వంటింట అత్తగారు కోడలికి చేయు ఆజ్ఞగా ఊహింపబడినది.

ప్రతిపదార్థము: బాతు = బాతు ఆకారముగల చైనా పింగాణీ గిన్నె; మెడ పట్టక = మెడను పిడిగా వాడక (అతిథిని మెడపట్టి గెంటుట అను అర్థము ఇచట గ్రాహ్యము కాదు); పసుపెక్కుట = మరకపడుట.

తాత్పర్యము: 1757 నుండి 1842 వరకు చైనాతో పాశ్చాత్యుల ఓడవర్తకము కాంటన్ రేవునకే పరిమితమై యుండగా, ఐరోపా సంపన్నులు తమ దేశపు కుమ్మరుల నమూనాల ననుసరించి, బాతు, ఎద్దుతల, అడవిపందితల రూపములలో సూపు గిన్నెలను చైనాలోని జింగ్‌డెజెన్ పింగాణీ బట్టీలలో చేయించుకొనిరి. లోపల ఏ రసమున్నను పైన బాతే కూర్చున్నట్లు కనబడుటయే అందలి దర్జా. మెడ మూతతోనే కలిసియుండుటచే చేయి దానిమీదికే పోవును. సన్నని మెడ విరిగినచో మిగులునది బాతు కాదు, బోడిగిన్నె. కావుననే నిషేధము ముందు చెప్పబడినది.

శంక: గాజువంటి పూతపై మరక నిలువదు గదా, అంచునకు భయమేల?

సమాధానము: కయొలిన్ అను తెల్లమట్టిని పింగాణీ రాతిపొడితో కలిపి, పూతపూసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చునపుడు మూతయు గిన్నెయు అతుక్కొనిపోవును గనుక, రెండును తాకుచోట పూతను ముందే తుడిచివేయుదురు. ఆ గరుకు అంచునే పోపునూనెలో కరగిన పసుపు పట్టుకొని, బాతు నడుమున మొలత్రాడువలె నిలుచును. సబ్బుతో తోమిన, క్షారము తగిలి, సున్నము కలిసిన పారాణివలె ఎర్రబారును; ఎండలో పెట్టిన వెలిసిపోవును. 2025లో నిజామాబాదున వెలసిన జాతీయ పసుపు బోర్డు కార్యాలయము పంట మేలు చూచునే గాని గిన్నె అంచు చూడదు; ఆ భారము కోడలిదే.

విశేషము: సెలడాన్ పళ్ళెములు, అనగా లేతపచ్చ పూతగల పింగాణీ పళ్ళెములు, విషము తగిలిన రంగు మారునని పూర్వులు నమ్మిరి, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో అట్టివి కలవు. అవి విషమును పట్టిచ్చిన మాట నమ్మదగినది కాదు గాని, బాతు మాత్రము పోపులో పడిన పసుపును తప్పక పట్టిచ్చును.

పాఠాంతరము: "బాతు" అనుచోట "స్టీలు గిన్నె" అను పాఠము ఆర్మూరు ఇండ్లలో విస్తారముగా కలదు, అందు విరుగుటకు మెడ గాని, శంకించుటకు అంచు గాని లేకుండుటచే వ్యాఖ్యాతలు దానిని ఆదరింపరు.