పంపంటే భయం, పొగంటే అభయం

పిల్లలకి ఆయాసం వస్తే రామచంద్రపురంలో వైద్యులకి కొదవుండదు. అరుగు మీద కూర్చున్నవాళ్లంతా వైద్యులే. "నెమ్ము చేసిందండీ" అని ఒకరు, "పెరుగు పెట్టుంటారు" అని ఒకరు, "మా తోటికోడలి పిల్లాడికి పసరు పోయిస్తే మళ్లీ రాలేదండీ, ఆయ్" అని ఇంకొకరు. ఇన్ని నోళ్లు ఇన్ని చెప్పినా ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకటే తీర్పు: "పంపు మాత్రం పెట్టకండి. అలవాటైపోద్ది."

పంపంటే ఇన్హేలర్. చుట్టాలొస్తే అది బీరువాలో చీరల కిందికి పోతుంది. ఆడపిల్లదైతే మరీను. "రేపు సంబంధాలు రావొద్దా?" అంటారు మామ్మగారు. పిల్ల చదివేది మూడో తరగతి. పెళ్లినాటిదాకా ఊపిరాడాలి కదండీ అంటే పెద్దంతరం చిన్నంతరం లేదంటారు.

పంపు వద్దన్న ఇంట్లోనే అదే మందు సిరప్‌గా చెంచాలతో పోస్తారు. ఇక్కడ చిన్న లెక్కుంది. సాల్బుటమాల్ పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు, అంటే 2,000 మైక్రోగ్రాములు. ఇరవై నొక్కుళ్లకి సమానం. పంపు మందు నేరుగా ఊపిరితిత్తులకి పోతుంది. సిరప్పు కడుపులో దిగి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడదడలాడించి, తీరిగ్గా ఛాతీకి చేరుతుంది. అయినా ఇంట్లో సిరప్పు సాత్వికం, పంపు తామసం!

"స్టెరాయిడటండీ, పొట్టైపోతాడట." సరే, దాన్నీ కొలిచారు. అమెరికాలో బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పంపు ఏళ్ల తరబడి వాడిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తే తేలిన తేడా సగటున 1.2 సెంటీమీటర్లు. రాత్రుళ్లు నిద్రలేక, తిండి సయించక, ఆయాసంతోనే పెరిగిన పిల్లలు ఎంత గిడసబారారో ఏ మామ్మగారూ టేపు పెట్టి కొలవలేదు.

ఇక పథ్యం. రావులపాలెంలో అరటిగెలల సంత, అంబాజీపేటలో కొబ్బరి సంత. ఈ రెండింటి మధ్య పుట్టిన పిల్లకి అరటిపండు నిషేధం, కొబ్బరినీళ్లు నిషేధం, పెరుగు మహాపాపం. ఫలానాది తింటే ఈ పిల్లకి పడటం లేదని తేలితే మానిపించొచ్చు. తేలకుండానే తిండికి శిక్ష వేయడం మన ఇంటి న్యాయస్థానానికే చెల్లింది.

పొగ మాత్రం నిర్దోషి. పొద్దుగూకగానే దోమల కాయిల్ వెలుగుతుంది. ఆయాసం దిష్టివల్లేనని పిల్ల చుట్టూ సాంబ్రాణి తిప్పుతారు. తాతగారు మంచం పక్కనే చుట్ట కాలుస్తారు. కోతలయ్యాక చేలో గడ్డికి నిప్పు, మిల్లు వైపునుంచి ఊక దుమ్ము, బట్టీల నుంచి నల్లపొగ. ఇవన్నీ పీల్చే ఊపిరితిత్తికి పంపు మందొక్కటే పడదట.

మృగశిర కార్తె రాగానే ఇదే కుటుంబం సామర్లకోటలో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంది. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికని చేపమందు వేస్తుంది. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి చెప్పిన రహస్యమని వారి మాట. ఉచితంగా ఇస్తారు, అందుకు వంక పెట్టను. అయితే ఇన్హేలర్ పెట్టెలోని కాగితాన్ని కళ్లజోడు సవరించుకుని ఆసాంతం చదివిన తండ్రి, కొరమీను పిల్ల నోట్లో కుక్కిన పసుపు ముద్దలో ఏముందని అడగడు. మింగిన చేప దిగేది అన్నవాహికలోకి, జబ్బున్నది శ్వాసనాళాల్లో. పొరపాటున దారి తప్పి ఆ జబ్బున్నచోటికే వెళ్లిందో, ఇక మందులతోనే పనుండదు. దానితో ఉబ్బసం నయమవుతుందని తేల్చిన పరీక్ష లేదు. కరోనా వచ్చిన 2020 నుంచి మూడేళ్లు పంపిణీ ఆగింది: ఊపిరి జబ్బుల మందు ఊపిరి జబ్బుకి జడిసి ఇంట్లో కూర్చుంది.

చేపమందు మూడేళ్లు వరసగా వేయించాలన్న షరతులో చమత్కారముంది. పసితనంలో పిల్లికూతలు వచ్చే పిల్లల్లో చాలామందికి ఆరేళ్లు దాటేసరికి వాటంతటవే తగ్గిపోతాయి. ఆ సమయానికి చేప మింగి ఉంటే పేరు చేపకి, పసరు తాగి ఉంటే పేరు పసరుకి. పంపు వాడి ఉంటే మాత్రం, "ఇంకెన్నాళ్లండీ ఇది?"

ఉబ్బసంలో రెండు పనులు జరుగుతాయి. గాలి గొట్టాల లోపల వాపు ఉంటుంది, చుట్టూ కండరం బిగుస్తుంది. బిగువు సడలించే పంపు వేరు, వాపు తగ్గించే స్టెరాయిడ్ పంపు వేరు. రెండోది పిల్ల హాయిగా ఆడుకుంటున్న రోజున కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. తగ్గిందని మనమే మానేసి, తిరగబెట్టగానే "చూశారా, అలవాటైపోయింది" అంటే, అది పంపు తప్పు కాదు. చిన్నపిల్లలకి స్పేసర్ గొట్టం, మాస్కు పెట్టి వాడాలి, స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించాలి.

డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి, కార్తె కోసం అసలే ఆగకండి. బిగువు సడలించే పంపు మందిస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి. ఆ పంపు కోసం అర్ధరాత్రి చీరల కింద వెతుక్కునే పని లేకుండా ఈ రోజే తీసి పిల్ల బడిసంచిలో పెట్టండి.