మురుగొచ్చినా ఫర్వాలేదు, రసీదు పోకూడదు

టొరంటోలో ఇల్లు కొంటే రెండు ఇళ్లొస్తాయి. నేల మీద ఒకటి, నేల కింద ఒకటి. పై ఇంటి బ్యాంకు వాయిదా కట్టేది కింది ఇంటి అద్దె కాబట్టి, సంసారం నిలబడేది నిజానికి బేస్‌మెంటు మీదే. మనవాళ్ల బేస్‌మెంట్లలో ఏముంటుందో అందరికీ తెలుసు. హోమ్ థియేటరు, వేసవికి దిగబోయే అత్తమామల మంచం, ఇండియా నుంచి మోసుకొచ్చిన ఊరగాయ డబ్బాలు. అవేవీ లేకపోతే కాలేజీలో చేరడానికొచ్చిన కుర్రాళ్లు నలుగురు. వీటన్నిటి మధ్య నేలలో జల్లెడ మూత పెట్టిన చిన్న కన్నం ఒకటి. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లు వంటగది రాయి ఏ దేశానిదని అడుగుతారే గానీ, ఈ కన్నం ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగరు.

అది వీధి కింది మురుగు పైపులోకి పోతుంది. కుండపోత పడినరోజు ఆ పైపే కన్నంలోంచి ఇంట్లోకి వస్తుంది. పైపు నిండాక నీళ్లు పల్లంలో తెరిచి ఉన్న నోటి కోసం చూస్తాయి. బేస్‌మెంటు కన్నం కన్నా పల్లం ఇంట్లో ఇంకేముంది? పైగా నగరం పాత పేటల్లో వాననీళ్లకూ మురుగుకూ కలిపి ఒకటే పైపు. చాలా పాత ఇళ్లలో పునాది చుట్టూ ఊటనీరు లాగే గొట్టాన్ని కూడా తెచ్చి మురుగు లైనుకే అంటగట్టారు. వాన ఎక్కువైతే ఏం చేయాలన్నది తర్వాతి తరానికి వదిలిపెట్టారు. ఆ తర్వాతి తరం మనమే, ముప్పయ్యేళ్ల వాయిదాలతో సహా.

2005 ఆగస్టు 19న పడిన వానకు ఫించ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు బ్లాక్ క్రీక్ దగ్గర తెగి కొట్టుకుపోయింది. వేల బేస్‌మెంట్లు మునిగాయి. నగరపాలక సంస్థ మరుసటి ఏడాది బేస్‌మెంటు ముంపు రక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. వీధి పైపులు పెద్దవి చేసే పని సంస్థది. అది ఈరోజుకీ సాగుతోంది, మీ పేట వంతు వచ్చేసరికి మీ మనవళ్లు ఇల్లు అమ్ముకుని పోయుంటారు. ఈలోగా మీ కన్నం సంగతి మీరు చూసుకోండి, కొంత డబ్బిస్తాం అంది.

ఏళ్ల తరబడి నడిచిన లెక్క ఇదీ. ఖర్చులో 80 శాతం, అదీ ఒక హద్దు వరకు. మురుగు వెనక్కి రాకుండా ఆపే బ్యాక్‌వాటర్ వాల్వుకు 1,250 డాలర్లు, చేరిన ఊటనీటిని బయటికి తోడే సంప్ పంపుకు 1,750, పునాది గొట్టాన్ని మురుగు లైను నుంచి కోసి మూత బిగించడానికి 400. అన్నీ కలిపి ఇంటికి 3,400. వినడానికి బాగుంది. కాకపోతే ముందు మొత్తం మీరే పెట్టాలి, తర్వాత రసీదులతో అర్జీ పెట్టుకోవాలి. చేతిలో డబ్బున్నవాడికే సాయం అందుతుందన్నమాట. లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. కప్పు నీళ్లు దించే గొట్టాలు మురుగు లైనుకు కలిసి ఉండకూడదు, వాటిని ముందే తప్పించాలి. ఇది న్యాయమైన షరతే, ఒప్పుకోవాలి. నా కప్పు మీది వాన నా పైపులోనే దూరి నా బేస్‌మెంట్లోకే వస్తే ఎవరిని తిట్టేది?

ఇక పరికరాల సొగసు చూడండి. వాల్వులో ఒక రెక్క ఉంటుంది. వీధి మురుగు ఎదురొస్తే అది లేచి దారి మూసేస్తుంది. మూసుకున్న తలుపు ఇటువాళ్లకీ అటువాళ్లకీ ఒకటే. ఆ సమయంలో పై అంతస్తులో ఎవరైనా స్నానం చేసినా, ఫ్లష్ నొక్కినా ఆ నీళ్లకు బయటికి దారి లేదు, మీ కన్నంలోంచే పైకొస్తాయి. ఊరి మురుగు ఆగి సొంత మురుగు వస్తుంది. ఆత్మనిర్భరత అంటే ఇదేనేమో. సంప్ పంపుకేమో కరెంటు కావాలి. కరెంటు పోయేది గాలివాన వచ్చినప్పుడు. పంపు కావలసింది కూడా సరిగ్గా అప్పుడే. 2013 జులై 8న పియర్సన్ విమానాశ్రయంలో 126 మిల్లీమీటర్లు కురిసి, 1954 నాటి హేజెల్ తుపాను రికార్డును దాటినప్పుడు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. నీళ్లు నిండిన లోయలో ఆగిపోయిన రైల్లోంచి ప్రయాణికులను పోలీసులు పడవల్లో దించారు. ఆ సాయంత్రం బ్యాటరీ లేని పంపులు ఇంటివారితో పాటే నిలబడి నీళ్లను చూశాయి.

మళ్లీ 2024 జులై 16న దాదాపు 98 మిల్లీమీటర్లు. ఈసారి ర్యాప్ గాయకుడు డ్రేక్ భవంతిలోకి బురదనీరు వచ్చిన వీడియోను లోకమంతా చూసింది. వర్ణాశ్రమాలు, ఆదాయపు పన్ను శ్రేణులు చేయలేని సమానత్వం డ్రైనేజీ చేసి చూపింది. ఆ వానకు నాలుగు నెలల ముందే నగరం, ఇంటి చుట్టూ నీరింకని నేల ఎంతుందో కొలిచి రుసుం వేసే ఆలోచన ఒకటి ముందుకు తెచ్చింది. వానకు పన్నా అని జనం నవ్వారు, సరిహద్దు అవతలివాళ్లు కూడా వచ్చి నవ్వారు. నగరం బెదిరి సంప్రదింపులు ఆపేసింది. వాన మాత్రం ఎవరితోనూ సంప్రదించలేదు. పక్క ఊరు మిస్సిసాగాలో ఇలాంటి రుసుం 2016 నుంచే వసూలు చేస్తున్నారు, అక్కడ ఆకాశమేమీ ఊడిపడలేదు.

వాల్వులకు డబ్బిచ్చే పథకంలో నాకు మింగుడుపడనిది ఒకటే. వీధిలో పదిళ్లకు వాల్వులుంటే ఆ పది కన్నాల్లోకి ఎక్కని మురుగు ఎక్కడికో ఒకచోటికి ఎక్కుతుంది. ప్లంబరు ఖర్చు భరించలేని పదకొండో ఇంటికి ఆహ్వానం వెళ్తుంది. అర్జీ పెట్టే హక్కు ఇంటి ఓనరుది. తడిసిన పాస్‌పోర్టు, తడిసిన ల్యాప్‌టాప్ మాత్రం కింద అద్దెకున్న కుర్రాడివి. ఓనరు ఇంటి బీమాలో అద్దెకున్నవాడి సామాను ఉండదు. ఓనరుకైనా మురుగు ఎదురుతన్నడం మామూలు బీమాలో రాదు, అదనంగా కట్టి చేర్పించుకోవాలి. ఆ సంగతి చాలామంది చదివేది మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి.

ఇంతా చేసి వాల్వు పెట్టించాక దాన్ని అప్పుడప్పుడూ తెరిచి కడగాలి. రెక్కకు గ్రీజు, జుట్టు, చిక్కుకున్న కాగితం ఉంటే అది మూసుకోదు. మన వంటిళ్ల నుంచి సింకులోకి దిగే నూనెకు ఆ రెక్క ఎంత కాలం ఆగుతుందో ఊహించుకోండి. అసలు కష్టం దాని మూత ఎక్కడుందో వెతకడంలో. సాధారణంగా అది అద్దె గది నేలలో, ఎవరి మంచం కిందో ఉంటుంది. స్కార్‌బరో ఇంటి ఓనరు గారు మెట్లు దిగి వచ్చారనుకుందాం.

"బాబూ, ఆ మంచం కాస్త జరుపుతావా? వాల్వు కడగాలి."

"రేపు పరీక్ష అంకుల్, ఆదివారం చూద్దామా?"

"ఆదివారం వానంటున్నారు బాబూ."

"అయితే ఆ రోజు పైన మీరు స్నానాలు మానేయండి అంకుల్, సరిపోతుంది."