ఇంటర్వ్యూకు ప్రశ్నల కాగితం వద్దు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయాలని ఫోను పట్టుకుని బయల్దేరే విద్యార్థులకూ, కొత్త విలేకరులకూ ఈ చిట్కాలు. క్లాసులో చెప్పేవాటికి ఇవి పూర్తిగా ఎదురు. అయినా పల్లెలో పనికొచ్చేవి ఇవేనని నా గట్టి నమ్మకం.

1. ముందు మీరే జవాబులు చెప్పండి

విలేకరి తన సంగతి చెప్పుకోకూడదంటారు. ఆ నియమం స్టూడియోకు సరిపోతుంది. ఇక్కడ గడపలో అడుగుపెట్టగానే "ఎవల బిడ్డవు? ఏ ఊరు మీది?" అంటారు. మాట దాటేయకండి. ఊరు, ఇంటిపేరు, అమ్మగారి పుట్టిల్లు అన్నీ చెప్పండి. చాయ్ ఇస్తే తాగండి. మీరెవరో తెలియకుండా ఆ ఇంట్లో ఎవరూ మనసు విప్పరు.

2. సంవత్సరం అడగకండి

"ఏ సంవత్సరంలో?" అనగానే ముసలావిడ తప్పు చెబుతానేమోనని జంకుతుంది. అక్కడితో మాట తెగుతుంది. "రజాకార్లు రాకముందా, వచ్చినంకనా అవ్వా?", "అప్పటికి నీకు లగ్గమైందా?", "జొన్న కోతలప్పుడా?" అని అడగండి. హైదరాబాద్ సంస్థానంపై పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగిందనీ, తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారనీ పుస్తకాల్లో ఉంది. లెక్క సరిచూసుకోవడం మీ పని, ఆమెది కాదు.

3. తెలిసిందే అడగండి

తెలిసిన సంగతి అడిగి టైమ్ వృథా చేయొద్దంటారు. నేను అడగమంటాను. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలయ్యాడని అందరం చదివాం. ఏమీ చదవనట్టే అడగండి. ఆ రోజు జనం ఏ దారిన వచ్చారు, ఎవరు పారిపోయారు, ఆ రాత్రి ఇండ్లల్లో ఏం మాట్లాడుకున్నారు అన్నవి పెద్దల నోట విని పెరిగిన ఊరివాళ్లే చెప్పాలి.

4. పెద్ద ప్రశ్న వేయకండి

"మీ జీవితానుభవం చెప్పండి" అంటే వచ్చే జవాబు "ఏమున్నది బిడ్డా, కష్టపడ్డం" అనే. ఒక్కమాటలో జవాబు వచ్చే చిన్న ప్రశ్నలు వేయొద్దని పాఠాలు చెబుతాయి. నేను అవే వేయమంటాను. భూపాలపల్లిలో రిటైరైన సింగరేణి బొగ్గు గని కార్మికుణ్ని "మస్టర్ పడ్డంక బాయిల దిగేటప్పుడు సద్ది యాడ పెట్టుకునేటోళ్లు?" అని అడగండి. సద్ది నుంచి బొగ్గెత్తే తట్టా చెమ్మస్‌కూ, అక్కణ్నుంచి కప్పు కూలిన రోజుకూ ఆయనే వెళ్తాడు. పెంబర్తిలో ఇత్తడి పనిచేసే వారిని కళ గొప్పతనం గురించి అడగకండి. "ఈ ఉలి ఎవరు చేసిచ్చిన్రు?" అనండి. ఆయన ఉలి చేతిలోకి తీసుకుంటాడు, రేకు తిప్పి వెనక ఒక దెబ్బ, ముందు ఒక దెబ్బ వేసి చూపిస్తాడు. చెయ్యి ఆడుతుంటే మాట దానంతటదే వస్తుంది.

5. అడ్డొచ్చేవాళ్లను కూర్చోబెట్టండి

నిశ్శబ్దంగా ఉన్న గది వెతకొద్దు. మానుకోట (మహబూబాబాద్) పక్క లంబాడా తండాల్లో అత్త చెబుతుంటే కోడలు "గట్ల కాదు" అంటుంది. వాళ్ల భాషలో వాళ్లను వాదించుకోనివ్వండి, ఫోనులో రికార్డింగ్ నడుస్తూనే ఉండనివ్వండి. మర్చిపోయిన పేర్లు ఆ వాదనలోనే బయటపడతాయి. మగవాళ్లు ఆడవాళ్ల నోటి మాట లాక్కుంటే మాత్రం మరోరోజు విడిగా వెళ్లండి.

6. కథ అయిపోయాక మొదలుపెట్టండి

పోరాటం గెలుపు దగ్గర రికార్డింగ్ ఆపొద్దు. "తర్వాత ఏమైంది?" అని అడగండి. స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల సంఘం 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం ఆ ప్రశ్న విలువ చూపించింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు, అది ఆగాక మళ్లీ ఇంటి పనిలోకే పొమ్మంటే పడ్డ బాధను అందులో సొంత గొంతుతో చెప్పారు. వీరగాథ దగ్గరే ఆగితే ఆ మాటలు మనకు దక్కేవి కావు.

ఇంటికొచ్చి రాసింది వాళ్లకు చదివి వినిపించండి. వద్దన్న మాట తీసేయండి. పోరాటం ఆగేనాటికి పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఎనభై దాటారు. వచ్చే సెలవుల దాకా ఆగకుండా ఈ ఆదివారమే వెళ్లండి.