కాష్ ఫోల్డర్ గోడు

నెట్ సెంటర్లో కిటికీ పక్కనున్న కంప్యూటర్లో ఉంటాను, క్రోమ్ బ్రౌజర్ తాలూకు కాష్ ఫోల్డర్ని. నా అడ్రసు అంత తేలిగ్గా దొరకదు. యాప్‌డేటా అనే ఫోల్డర్ని విండోస్ దాచి ఉంచుతుంది, నేను దాని లోపల్లోపల ఎక్కడో ఉంటాను. వెతికి పట్టుకున్నా కనబడేది ఎఫ్ అక్షరం, పక్కన సున్నాలు, అంకెలు. వాటిలో ఏది బ్యాంకు లోగోయో, ఏది పరీక్షల సైటు స్క్రిప్టో పేరు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఒకసారి దిగిన బొమ్మనూ ఫాంటునూ దాచి, మళ్ళీ అదే పేజీ అడిగితే డిస్కులోంచే తీసివ్వడం నా పని. ఎన్నాళ్ళు దాచాలో సైటువాళ్ళే రాసి పంపుతారు. మ్యాక్స్-ఏజ్ 31536000 అంటే అన్ని సెకన్లు, ఏడాదన్నమాట. గడువు తీరితే సర్వర్‌ని అడుగుతాను. మార్పేమీ లేకపోతే 304 అని జవాబొస్తుంది, బొమ్మను మళ్ళీ మోసుకురానక్కర్లేదు.

చిక్కంతా ఎంట్రన్స్ పరీక్షల సీజన్లోనే. ఒక సైటువాళ్ళు స్క్రిప్టు మార్చి, ఫైలు పేరు మాత్రం పాతదే ఉంచేశారు. గడువు ఇంకా ఉంది కదా అని నేను పాతదే ఇస్తున్నాను. సబ్మిట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"అన్నా, పొద్దున్నుంచీ ఇంతే. ఇవాళే లాస్ట్ డేట్!" అందో అమ్మాయి.

"కాష్ కొట్టేద్దాం, ఆగమ్మా," అన్నాడు నెట్ సెంటర్ నడిపే అతను.

కంట్రోల్, ఎఫ్5 నొక్కితే సరిపోయేది. ఆ ఒక్క పేజీకి నన్ను పక్కనబెట్టి సర్వర్ నుంచి కొత్త ఫైళ్ళు వచ్చేవి. అతను కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కాడు. 'ఆల్ టైమ్' ఎంచుకుని అన్నిటికీ టిక్కులు పెట్టాడు. నాతోపాటు పక్కవాటాలోని కుకీలూ పోయాయి. దాంతో లాగిన్ పోయింది, నింపిన ఫారమూ పోయింది. మళ్ళీ ఓటీపీ కోసం ఎదురుచూపులు.

అంతటితో ఊరుకోలేదు. టెంప్ ఫోల్డర్ తెరిచి మొత్తం డిలీట్ కొట్టాడు. ఏవో ప్రోగ్రాములు వాడుకుంటున్నవి కొన్ని పోనని మొండికేస్తే 'స్కిప్' అన్నాడు. అది సబబైన పనే. ఇన్‌స్టాలర్లు వదిలేసి పోయిన సరుకు ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టదు. కంప్యూటర్ ఫాస్టవుతుందని రోజూ నన్ను ఖాళీ చెయ్యడమే నాకు మింగుడుపడదు. నాకో పరిమితి ఉంది, అది నిండితే ఎవరూ అడగనివాటిని నేనే తీసి పారేస్తాను. నన్ను తుడిచిన మర్నాడు ప్రతి పేజీ మొదటిసారి నత్తనడకే. ఆ తిట్లు మాత్రం నెట్‌కి పడతాయి.

ఇంత శుభ్రం చేసే మనిషి డౌన్‌లోడ్స్ జోలికి పోడు. ఆధార్ పీడీఎఫ్‌లు, మార్కుల మెమోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అక్కడే పడుంటాయి. 'డౌన్‌లోడ్ హిస్టరీ'కి టిక్కు పెట్టాడు గానీ, దాంతో పోయేది బ్రౌజర్‌లోని జాబితా ఒక్కటే. ఫైళ్ళు డిస్కులో ఉన్నచోటే ఉంటాయి. అమ్మాయి చివరికి ఫారం పంపి, డౌన్‌లోడ్ చేసిన అప్లికేషన్ ప్రింటు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత కూర్చున్న పెద్దాయన తన పాస్‌బుక్ కాపీ కోసం డౌన్‌లోడ్స్ తెరిచి, అన్నిటికన్నా పైనున్న ఫైలు నొక్కాడు. ఆ అమ్మాయి అప్లికేషన్ తెరుచుకుంది, ఫొటో, సంతకం, ఫోన్ నంబరుతో సహా.