నేను, గేట్‌వే.ఐఎన్ఐ

అచ్యుతాపురం సెజ్‌లోని ఓ ఫ్యాక్టరీలో, చిల్లర్ ప్లాంటు పక్కన, లైనక్స్ నడిచే చిన్న పెట్టెలో నా కాపురం. నేనో సెట్టింగుల ఫైలుని. ఏ మీటరుని ఏ నంబరుతో పలకరించాలి, తీగ మీద ఎంత వేగంతో మాట్లాడాలి, జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగాలి... కరెంటు రాగానే ప్రోగ్రాం ముందుగా చదివేది నన్నే.

అదీ సగమే. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసల్ని అది దాటేసి పోతుంది. అవి మెయింటెనెన్స్ వాళ్ల రాతలు, తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో. 'హుద్‌హుద్ తుఫానులో పాత మీటరు పోయింది. కొత్తది మెల్లగా పలుకుతుంది, టైమవుట్ 3 కన్నా తగ్గించొద్దు.' 2014 అక్టోబరు నాటి ముక్క అది. 'నాలుగో మీటరుకి కరెంటు కొలిచే సీటీ తిరగేసి బిగించారు. మైనస్ చూపిస్తే కంగారొద్దు, షట్‌డౌన్ దాకా ఇంతే.' ఆ షట్‌డౌన్లు ఎన్నో వచ్చి వెళ్లాయి, మైనస్ మాత్రం అలాగే ఉంది.

పూడిమడక తీరం ఉప్పుగాలికి పెట్టె మరలు తుప్పు పట్టాయి. నాకు దెబ్బ తగిలింది మాత్రం ఇరవై వరుసల పైథాన్ స్క్రిప్టు వల్ల. సర్వర్ అడ్రసు మారింది, అన్ని పెట్టెల్లోనూ మార్చాలి. కొత్తగా చేరిన ఇంజనీరు కాన్ఫిగ్‌పార్సర్ అనే లైబ్రరీతో నన్ను చదివించి, ఒక్క విలువ మార్చి, తిరిగి రాయించాడు. ఆ లైబ్రరీ సెక్షన్లు, పేర్లు, విలువలు మాత్రమే గుర్తు పెట్టుకుని ఫైలంతా మళ్లీ రాస్తుంది. గోడ మీది పాల లెక్కలకి సున్నం కొట్టినట్టు నా హ్యాష్ వరుసలన్నీ పోయాయి. పేర్లలోని పెద్దక్షరాలు కూడా చిన్నవైపోయాయి. మా ప్రోగ్రాం అక్షరం తేడాని ఒప్పుకోదు. వేగం వరుస కనబడక, కిక్కురుమనకుండా తన సొంత 9600 పట్టుకుంది. మీటర్లేమో 19200కి తప్ప పలకవు. తెర నిండా సున్నాలు.

"ఏటి బాబూ, నా రాతలన్నీ ఏటయిపోనాయి?" అన్నారు ఫోర్‌మన్ గారు.

"అవి మెషీన్ చదవదు కదండీ."

"నాను సదువుతాను గదా!"

కుర్రాడు పని రానివాడేం కాదు. కామెంట్లు మిగలవని లైబ్రరీ మాన్యువల్లోనే ఉంది, అంతదాకా చదివేవాళ్లెందరు? ఆప్షన్‌ఎక్స్‌ఫార్మ్ అనే చోట ఒక్క మాట రాస్తే అక్షరాలు మారవు, కామెంట్లకే అందులో దారి లేదు. ప్యానెల్ తలుపు లోపల ఫోర్‌మన్ గారు అంటించిన ప్రింటు చూసి నన్ను మళ్లీ టైపు చేశారు.

ఆ తర్వాత ఆగియస్ వచ్చింది. రెడ్‌హ్యాట్‌లో పనిచేసిన డేవిడ్ లుటర్‌కోర్ట్ మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ల బూమరాంగ్ పరిశోధన దీనికి ఆధారం. ఒక్కో రకం ఫైలుకి ఒక్కో లెన్స్ ఉంటుంది. అది నన్ను చెట్టుగా విప్పుతుంది, కామెంట్లకీ అందులో కొమ్మలుంటాయి. మార్చిన కొమ్మ తప్ప మిగతా ఖాళీలూ వరుసలూ ఉన్నవున్నట్టే తిరిగొస్తాయి. నా తీరు లెన్స్‌కి సరిపడకపోతే ముట్టుకోదు, తప్పెక్కడో చెప్పి ఊరుకుంటుంది. నా వంటి ఇంటి ఫైలుకి లెన్స్ వేరే రాసుకోవాల్సి వచ్చింది, కుర్రాడికి అది బాగానే చెమటలు పట్టించింది.

ఇప్పుడు నన్ను టామ్ల్ పద్ధతిలోకి మార్చాలంటున్నారు. పైథాన్ 3.11తో వచ్చిన టామ్ల్‌లిబ్ చదవడమే తప్ప రాయలేదు. రాయడానికి తెచ్చేది కామెంట్లు ఉంచుతుందా అని ఫోర్‌మన్ గారు ముందే అడిగారు. టామ్ల్‌కిట్ అయితే ఉంచుతుందని కుర్రాడు చెప్పాడు. అయినా ప్యానెల్ తలుపుకి కొత్త ప్రింటు పడింది.